అన్నదమ్ములను పోగొట్టుకున్న వైద్యుడు – డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు



వైద్య మిషనెరీల జీవితాలు మీరు చాలానే చదివి ఉంటారు. అమెరికా నుంచి గుంటూరు వచ్చి ఆసుపత్రి కట్టిన డాక్టర్ అన్నా కూగ్లర్, వేలూరులో వైద్య కళాశాల స్థాపించిన డాక్టర్ ఐడా స్కడర్ వంటివారు మనకు కొత్త కాదు. ఈసారి మీకు చెప్పబోయే మనిషి వాళ్ళకు ఎదురు దారిలో ప్రయాణం చేశాడు. భీమవరంలో పుట్టి అమెరికాకు వచ్చి, ఇక్కడి ప్రయోగశాలలో కూర్చుని లోకానికంతటికీ మందులు తయారుచేశాడు. ఆయన మన విశ్వాసంలోనివాడు కాడు. యవ్వనంలో రామకృష్ణ మఠంలో సన్యాసిగా చేరాలనుకున్నవాడు. అయినా ఆయన జీవితం మన పత్రికలో ఎందుకు చెబుతున్నామో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ఇంకొక మాట. ఈ కథ విరేచనాల జబ్బుతో మొదలవుతుంది. మనం సిగ్గుపడి నలుగురిలో ఎత్తని విషయం అది. పరిశుద్ధ గ్రంథం మాత్రం దానికి సిగ్గుపడలేదు. మెలితే ద్వీపంలో పొప్లి తండ్రి జ్వరంతోను, రక్తభేదితోను మంచం పట్టాడని అపొస్తలుల కార్యముల గ్రంథంలో లూకా దాచకుండా రాశాడు. లూకా వైద్యుడు కదా, జబ్బుకు ఉన్న పేరే పెట్టాడు. తిమోతి కడుపు జబ్బు గురించి పౌలు తన పత్రికలో శ్రద్ధగా ప్రస్తావించాడు. కాబట్టి మనమూ సంకోచం లేకుండా మాట్లాడుకుందాం.

భీమవరం నుంచి మద్రాసుకు

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రిది చిన్న ప్రభుత్వోద్యోగం, దానికి తోడు అనారోగ్యం. ఇంట్లో పిల్లలు ఏడుగురు. అన్నిటికీ కటకటే. సుబ్బారావుకు చదువు మీద మనసు నిలిచేది కాదు. పదమూడేళ్ళ వయసులో కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుంటే డబ్బు వస్తుందని ఇల్లు వదిలి బయలుదేరాడట. తల్లి వెంటపడి వెనక్కి తెచ్చింది. రాజమండ్రిలో చదువు సాగలేదు. ఇంతలో తండ్రి చనిపోయాడు. ఉన్న కాస్త బంగారం అమ్మి తల్లి అతణ్ణి మద్రాసు పంపింది. అక్కడ హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు.

పరీక్ష తప్పిన పిల్లలున్న తల్లిదండ్రులారా, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ప్రపంచం నలుమూలలా ఉన్న గర్భిణీ స్త్రీలు ఈరోజు వేసుకునే మాత్ర వెనక రెండుసార్లు మెట్రిక్ తప్పిన కుర్రవాడు ఉన్నాడు.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదివేటప్పుడు అతని మనసు రామకృష్ణ మఠం వైపు తిరిగింది. తల్లి ఒప్పుకోలేదు. సేవే చేయాలనుకుంటే వైద్యం నేర్చుకుని చేయమని మఠంలోని పెద్దలు కూడా సలహా చెప్పారు. అలా మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. కాకినాడ ప్రాంతపు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకు సాయం చేశారు. వారి కుమార్తె శేషగిరిని సుబ్బారావు పెళ్ళి చేసుకున్నాడు.

అవి గాంధీ పిలుపుకు విద్యార్థులు కదిలిన రోజులు. శస్త్రచికిత్స గదిలోకి సుబ్బారావు ఖద్దరు వస్త్రం తొడుక్కుని వెళ్ళాడు. ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చివరికి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ ఇవ్వలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరాడు.

ఇంట్లో రెండు చావులు

ఈ కథకు మూలమైన దెబ్బ ఆ సంవత్సరాల్లోనే తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఒకే జబ్బుతో, కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఇంగ్లీషు వైద్యులు దానికి స్ప్రూ అని పేరు పెట్టారు. మన పెద్దలు గ్రహణి అని పిలిచే జబ్బుకు ఇది దగ్గర.

ఈ జబ్బు ఎలా ఉంటుందో తెలిస్తే ఆ ఇంటి బాధ మీకు అర్థమవుతుంది. రోజుకు ఎన్నోసార్లు నీళ్ళలాగా, తెల్లగా, నురుగుతో, జిడ్డుగా విరేచనం అవుతుంది. నాలుక ఎర్రగా పుండుపడుతుంది, ముద్ద మింగనివ్వదు. తిన్నది ఒంటికి పట్టదు. ఎందుకంటే చిన్నపేగు లోపల వెంట్రుకల్లా లేచి ఉండి ఆహారసారాన్ని పీల్చుకునే పొర చదునైపోతుంది. రక్తం పలచబడుతుంది. మనిషి వారాల తరబడి కళ్ళముందే ఎండిపోతాడు. ఎదురుగా అన్నం ఉన్నా ఆకలి చావే. ఆ రోజుల్లో దీనికి మందు లేదు.

తర్వాత సుబ్బారావుకూ అదే జబ్బు వచ్చింది. ఆయన నేర్చుకున్న ఇంగ్లీషు వైద్యం పనిచేయలేదు. ఆయనను బతికించింది ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స. అన్నదమ్ములు పోయి తాను మిగిలాడు. ఇంట్లో అలా మిగిలిపోయినవారికి ఆ బరువు ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. నేను ఎందుకు మిగిలాను అన్న ప్రశ్న కొందరిని కుంగదీస్తుంది, కొందరిని పనికి పురమాయిస్తుంది. సుబ్బారావును అది ఓడ ఎక్కించింది.

బోస్టన్‌లో రాత్రి పని

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతోను, మామగారి సాయంతోను 1920ల తొలి ఏళ్ళలో ఆయన బోస్టన్ చేరాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో చేరాడు. అమీబా, కొంకిపురుగు, ఏలికపాము, బోదకాలు పురుగు – మన పల్లెల్లో ప్రతి ఇంటికీ తెలిసిన ఈ శత్రువులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చదివే చోటు అది. డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ అనే ఆచార్యుడు తొలి రోజుల్లో ఆదుకున్నాడు.

చేతిలో డబ్బు లేదు. మద్రాసు పట్టాకు ఇక్కడ విలువ లేదు. అందుకని ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశాడు. అగ్రవర్ణంలో పుట్టి, వైద్యం చదివి, కాలేజీలో పాఠాలు చెప్పినవాడు ఆ పని చేశాడు. మన ప్రభువు తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడని మనం ఎన్నో ప్రసంగాల్లో విన్నాం. ఆ పాఠం వినకుండానే ఆ పని చేసినవాణ్ణి చూసి మనం నేర్చుకోవలసింది ఉంది. డాలస్ విమానాశ్రయంలో దిగి, తమ చదువుకు తగ్గ ఉద్యోగం దొరికేలోపు పెట్రోల్ బంకుల్లో, హోటల్ వంటగదుల్లో పనిచేసిన సహోదరులు మన మధ్య కూడా ఉన్నారు. వారికి ఈ సంగతి ధైర్యమిస్తుంది.

తర్వాత ఆయన సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్త దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే సులువైన పద్ధతిని ఇద్దరూ కలిసి కనిపెట్టారు. 1925లో వెలువడిన ఆ పద్ధతిని ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అంటారు. జీవరసాయన విద్యార్థులు దాన్ని ఇప్పటికీ చదువుతారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియేటిన్, 1929లో ఏటీపీ. మీరు ఈ వాక్యం చదవడానికి కళ్ళు కదిపే శక్తి కూడా ఆ ఏటీపీ నుంచి వచ్చినదే. 1930లో పీహెచ్.డి. వచ్చింది. స్థిరమైన ఉద్యోగం మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు.

ఆ రోజుల చట్టం కూడా తెలుసుకోండి. భారతీయులు అమెరికా పౌరులు కావడానికి అర్హులు కారని 1923లో ఇక్కడి సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారేదాకా అదే పరిస్థితి. అంటే ఈ దేశంలో ఆయన పనిచేసిన కాలంలో చాలా భాగం పౌరుడయ్యే దారి లేకుండానే పనిచేశాడు. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే మన కుటుంబాలకు ఆ అనిశ్చితి ఎలా ఉంటుందో తెలుసు.

వెతికింది ఒకటి, దొరికింది మరొకటి

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ ఊళ్ళో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారాడు. త్వరలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ అధిపతి అయ్యాడు.

అప్పటికి కాలేయం తినిపిస్తే ఒకరకమైన ప్రాణాంతక రక్తహీనత తగ్గుతుందని తెలిసింది. ఆ సంగతి కనిపెట్టినందుకు ముగ్గురు అమెరికన్లకు 1934లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కాలేయంలో ఉన్న ఆ పదార్థం ఏమిటో ఎవరికీ తెలియదు. దాన్ని విడదీయాలని సుబ్బారావు పట్టుబట్టాడు. ఇంకొక పక్క బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులను పరీక్షించి, వారి రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని 1931లో చూపించింది. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి చిటికెడు పదార్థం తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. అయితే అంత ఆకుకూర ఉడికించి ఎంతమందికి మందు చేయగలరు?

ఆ చిక్కు విప్పింది లెడర్లీ బృందం. కాలేయం నుంచి ఆ పదార్థాన్ని శుద్ధి చేసి, దాని నిర్మాణం తెలుసుకుని, 1945లో ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ పరిశోధన పత్రం మీద పదహారు పేర్లు ఉన్నాయి. బృందానికి పెద్ద అయిన సుబ్బారావు పేరు ఆ వరుస మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆయన వెతికింది ఇది కాదు. ఆయనకు కావలసిన కాలేయ పదార్థం విటమిన్ బి12. దాన్ని 1948లో వేరేవాళ్ళు విడదీశారు. బి12 లోపమున్న రోగికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం మెరుగైనట్టు కనిపించినా నరాలు దెబ్బతింటూనే ఉంటాయని కూడా తర్వాత తేలింది. అంటే ఆయన ఎన్నో ఏళ్ళు గురిపెట్టిన లక్ష్యం తప్పిపోయింది. దారిలో దొరికింది మాత్రం ఆయన ఇంటి కథకే జవాబు అయింది.

రెండు మందులు, ఒకే జబ్బు

కొత్తగా తయారైన ఫోలిక్ యాసిడ్‌ను అమెరికా వైద్యుడు టామ్ స్పైస్, ఆయన సహచరులు క్యూబాలో, ప్యూర్టో రికోలో స్ప్రూ రోగులకు ఇచ్చారు. పుండుపడిన నాలుకలు మానాయి. ఆకలి పుట్టింది. రక్తం పట్టింది. విరేచనాలు తగ్గుముఖం పట్టాయి. పురుషోత్తాన్ని, కృష్ణమూర్తిని తీసుకుపోయిన జబ్బు అదే. వారి తోబుట్టువు చేయించిన మందు అది.

ఇంతటితో ఆగలేదు. సుబ్బారావు బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్తకు లెడర్లీలో పని ఇచ్చాడు. విశ్వవిద్యాలయం నుంచి పదవీ విరమణ చేసి డెబ్బై దాటిన మనిషి ఆయన. దేశం నలుమూలల నుంచి తెప్పించిన మట్టి నమూనాల్లో వెతుకుతూ, మిస్సోరీలోని ఒక పొలం మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవిని ఆయన పట్టుకున్నాడు. దాని నుంచి వచ్చిన మందు ఆరియోమైసిన్. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. టెట్రాసైక్లిన్ జాతి మందులన్నిటిలో అదే మొదటిది. దానిలోని క్లోరిన్ తీసేస్తే వచ్చినదే టెట్రాసైక్లిన్.

ఇప్పుడు ఈ రెండు దారాలూ కలిపి చూడండి. ఈరోజు ఉష్ణమండల స్ప్రూకు వైద్యులు ఇచ్చే చికిత్స ఏమిటి? కొన్ని నెలలపాటు ఫోలిక్ యాసిడ్, దానితోపాటు టెట్రాసైక్లిన్. ఆ రెండు మందుల మూలాలూ ఒకే ప్రయోగశాలలో, ఒకే మనిషి అధ్వర్యంలో ఉన్నాయి. ఆ మనిషి స్ప్రూతో అన్ననూ తమ్ముణ్ణీ పోగొట్టుకున్నవాడు. రెండో మందు స్ప్రూకు పనిచేస్తుందని తెలిసేలోపే ఆయన కన్నుమూశాడు. యోసేపు జీవితంలో సోదరులు తలపెట్టిన కీడును దేవుడు అనేకుల ప్రాణరక్షణకు తిప్పాడని మనం చదువుతాం. తన ఇంటి దుఃఖం ఎక్కడిదాకా వెళ్తుందో సుబ్బారావుకు తెలియదు. మనకు ఇప్పుడు కనిపిస్తోంది.

మన ప్రాంతానికి ఇంకొక సంబంధం కూడా ఉంది. 1960ల మొదట్లో దక్షిణ భారతదేశపు పల్లెల్లో స్ప్రూ అంటువ్యాధిలా చెలరేగింది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ సెల్విన్ బేకర్, డాక్టర్ వి.ఐ. మథన్ ఏళ్ళ తరబడి ఆ పల్లెల్లో తిరిగి, రోగులను వెతికి, పేగు పొరను పరీక్షించి ఆ జబ్బును లోకానికి అర్థమయ్యేలా చెప్పారు. ఐడా స్కడర్ ప్రార్థనతో మొదలైన చోటు, సుబ్బారావు ప్రయోగశాల, రెండూ ఒకే రోగి మంచం పక్కన కలుసుకున్నాయి.

పురుగుల మీద పోరు

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు బోదకాలు పురుగు సోకింది. దానికి నోటిద్వారా వేసుకునే మంచి మందు అప్పటికి లేదు. లెడర్లీ బృందం వందలాది రసాయనాలు పరీక్షించి 1947లో హెట్రజాన్ అనే మందు తెచ్చింది. అసలు పేరు డైఇథైల్ కార్బమజైన్, మన ఊళ్ళలో డి.ఇ.సి. మాత్ర అంటారు. పిల్లల కడుపులోని ఏలికపాములకు కూడా దాన్ని కొంతకాలం వాడారు. గోదావరి జిల్లాల్లో బోదకాళ్ళు చూడని ఊరు ఉండేది కాదు. ఆశా కార్యకర్తలు ఏటా ఇంటింటికీ వచ్చి ఆల్బెండజోల్‌తో కలిపి మింగించిన మాత్ర అదే. భీమవరం కుర్రవాడి మందు తిరిగి భీమవరం చేరింది.

ఇంకొకటి చెప్పాలి. ఫోలిక్ యాసిడ్ రక్తకణాలను పెంచితే, దాన్ని అడ్డుకునే మందు క్యాన్సర్ కణాలను ఆపగలదేమో అన్న ఆలోచనతో ఆ బృందం అమినోప్టెరిన్ తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే, పదిమందిలో కొంతకాలంపాటు జబ్బు వెనక్కి తగ్గింది. 1948 వరకు ఆ జబ్బు అంటే కొద్ది వారాల్లో చావే. దాని వెంట వచ్చిన మెథోట్రెక్సేట్‌ను మన సంఘాల్లో కీళ్ళవాతానికి వేసుకునేవారు కూడా ఉన్నారు.

చెల్లించిన వెల

జీవిత చరిత్రలు రాసేటప్పుడు మంచి మాత్రమే చెప్పి వదిలేయడం సులువు. పరిశుద్ధ గ్రంథం దావీదును కూడా అలా వదల్లేదు. మనమూ వదలకూడదు.

సుబ్బారావు ఓడ ఎక్కేటప్పుడు భార్య శేషగిరి గర్భవతి. మూడేళ్ళలో తిరిగి వస్తానని ఆమెకు మాట ఇచ్చాడంటారు. పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి వాడి ముఖం చూడలేదు. మూడేళ్ళు పాతికేళ్ళయ్యాయి. ఆయన తిరిగి వెళ్ళలేదు, ఆమెను మళ్ళీ చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, పెర్ల్ రివర్‌లో ఒంటరిగా నిద్రలోనే గుండె ఆగి చనిపోయాడు. భారతదేశం స్వతంత్రమై అప్పటికి ఏడాది.

లక్షల ఇళ్ళలో పిల్లల్ని బతికించినవాడి ఇల్లు ఖాళీగా మిగిలింది. ఆ వెల చెల్లించింది ఆయనొక్కడే కాదు. శేషగిరమ్మ గారిని ఎవరూ అడగకుండానే ఆమె చేత కూడా చెల్లించారు. ఆయన గొప్పతనం తలచుకునే ప్రతిచోటా ఆమెను కూడా తలచుకోవాలి. పిలుపు అని, పరిచర్య అని, ప్రాజెక్టు అని మనం ఇంటివాళ్ళను ఎంతకాలం వేచి ఉండమంటున్నామో ప్రతి ఒక్కరం లెక్క చూసుకోవాలి.

మన హెర్న్‌డన్ ఇళ్ళకు

ఇప్పుడు మన సంగతి. ఎండాకాలం సెలవులకో, క్రిస్మస్‌కో మనం ఆంధ్ర, తెలంగాణ వెళ్ళి వస్తాం. అమ్మానాన్నలు ఇక్కడికి వస్తారు. వచ్చిన తర్వాత విరేచనాలు పట్టుకుంటే నీళ్ళు మారాయనుకుని సర్దుకుంటాం. రెండు మూడు రోజుల్లో తగ్గితే మంచిదే. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ కలుపుకుని తాగుతూ ఉంటే చాలు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బరువు తగ్గుతుంటే, విరేచనం జిడ్డుగా, దుర్వాసనతో ఉంటే, రక్తం పడితే సర్దుకోవద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

వెళ్ళినప్పుడు చేయవలసిన ముఖ్యమైన పని ఒకటుంది. ఎక్కడికి వెళ్ళి వచ్చారో, ఎప్పుడు వచ్చారో మీరే ముందుగా చెప్పండి. ఇక్కడి వైద్యులకు పరాన్నజీవుల సంగతి వెంటనే తట్టకపోవచ్చు. మల పరీక్షలో పరాన్నజీవుల కోసం ప్రత్యేకంగా చూడమంటేనే చూస్తారు. అవి రోజూ మలంలో కనిపించవు. అందుకే వేరువేరు రోజుల్లో మూడు నమూనాలు అడుగుతారు. మొదటిదానిలో ఏమీ లేదని తక్కినవి ఇవ్వడం మానకండి. జియార్డియా అనే సూక్ష్మజీవి పేగులో చేరితే లక్షణాలు దాదాపు స్ప్రూ లాగానే ఉంటాయి. అందుకని స్ప్రూ అని తేల్చేముందు వైద్యులు ఇలాంటి పరాన్నజీవులు లేవని నిర్ధారించుకుంటారు. ఇంట్లో మిగిలిన మాత్రలు మాత్రం మీకై మీరు వేసుకోవద్దు. టెట్రాసైక్లిన్ లాంటివి గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వకూడదు.

పెద్దవారి విషయంలో ఇంకొక జాగ్రత్త. ఒట్టి కాళ్ళతో పొలంలో తిరిగిన మన తల్లిదండ్రుల్లో కొందరికి స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నని పురుగు పేగులో దశాబ్దాల తరబడి చప్పుడు చేయకుండా ఉండగలదు. ఉబ్బసానికో, కీళ్ళకో స్టెరాయిడ్లు మొదలుపెట్టినప్పుడు అది ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి తేగలదు. అమ్మకు, నాన్నకు ఎక్కువ రోజులు స్టెరాయిడ్లు రాస్తే, వారు ఎక్కడ పెరిగారో చెప్పి ఈ పురుగు కోసం రక్త పరీక్ష చేయాలా అని అడగండి. ముందుగా తెలిస్తే మందుతో పోతుంది. ఒక్క ప్రశ్న ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చు.

ఇక రొట్టె సంగతి. 1998 నుంచి అమెరికాలో పోషకాలు కలిపి అమ్మే గోధుమపిండిలో ఫోలిక్ యాసిడ్ తప్పనిసరిగా కలుపుతున్నారు. పుట్టబోయే పిల్లల వెన్నెముక లోపాలు తగ్గించడానికి. ఈ వారం బజారు నుంచి తెచ్చిన బ్రెడ్ ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవండి, ఆ పేరు కనిపిస్తుంది. ప్రభువు బల్ల కోసం అలాంటి రొట్టె తెచ్చినప్పుడు, మనం విరిచే ముక్కలో కూడా అది ఉంటుంది. రెండు పాడెలు లేచిన ఇంటి నుంచి మొదలైన పని మన బల్ల దాకా వచ్చింది.

పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే కృతజ్ఞత చెప్పడానికి ఒక్కడే తిరిగి వచ్చాడు. అతడు సమరయుడు, బయటివాడు. గాయపడినవాణ్ణి లేవనెత్తి గాయాలు కట్టినవాడు కూడా ఉపమానంలో సమరయుడే. మేలు ఎవరి చేతుల మీదుగా రావాలో నిర్ణయించేది మనం కాదు. వచ్చినప్పుడు తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పడం మాత్రం మన వంతు.

కాబట్టి ప్రియులారా, ఈ వారం మీ కుటుంబ ప్రార్థనలో మూడు సంగతులు జ్ఞాపకం చేసుకోండి. పేరు కోసం పాకులాడకుండా ప్రయోగశాలల్లో, ఆసుపత్రుల్లో పనిచేసేవారి కోసం దేవునికి స్తోత్రం చెల్లించండి. మన ఫెలోషిప్‌లో నర్సులుగా, ల్యాబ్ టెక్నీషియన్లుగా రాత్రి డ్యూటీలు చేసే సహోదరీ సహోదరుల పేర్లు ఎత్తి ప్రార్థించండి. మంచి నీళ్ళు, మరుగుదొడ్డి లేక విరేచనాలతో చిన్నపిల్లలు ఇప్పటికీ చనిపోతున్న మన ఊళ్ళ కోసం ప్రార్థించండి, చేయగలిగినవారు చేయండి. ఇంట్లో ఎవరైనా చాలాకాలంగా కడుపు జబ్బు దాచుకుని బాధపడుతుంటే, సిగ్గు వదిలి ఈ వారమే డాక్టర్ దగ్గరికి తీసుకువెళ్ళండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.